బామ్మర్ది టెండరూ, నా జావా

కంప్యూటర్ చూపించే తప్పుల్లో నాకు బాగా నచ్చేది వెర్షన్ తేడా. అందులో నా తప్పంటూ ఏమీ ఉండదు గనక. సెమీకోలన్ మర్చిపోతే రాసినవాడు తలవంచుకోవాలి. లాజిక్ తప్పితే రాసినవాడి చదువునే అనుమానిస్తారు. వెర్షన్ తేడా అలాంటిది కాదు. కోడూ మంచిదే, కంపైలరూ మంచిదే, నేనూ మంచివాణ్ణే. ముగ్గురికీ పొసగలేదు, అంతే. ఇలాగని ఇంట్లో చాలా ఏళ్ళు నమ్మించాను.

2020లో కరోనా పుణ్యమా అని హైదరాబాద్ వదిలి కర్నూలు వచ్చి పడ్డాను. ఆఫీసుకు రమ్మని కబురు వచ్చేలోగా ఇంటినుంచే చేసుకోనిచ్చే ఇంకో ఉద్యోగం చూసుకుని ఇక్కడే పాతుకుపోయాను. వీధిలో నన్ను కంప్యూటర్ సారంటారు. ప్రింటర్ కాగితం మింగినా, ఫోన్లో వాట్సాప్ మాయమైనా, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడినా నా గడపకే వస్తారు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, ఆ వస్తువును కాసేపు గంభీరంగా చూసి, "ఇది వెర్షన్ ప్రాబ్లం" అని పంపిస్తాను. ఇంతవరకూ ఎవరూ ఎదురడగలేదు.

ఈ విద్యకు పునాది పడింది 1999లో, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం సి ల్యాబ్‌లో. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. ఏప్రిల్ నెలలో కర్నూలు ఎండ ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ప్రోగ్రామింగ్ మీద మాకంత ప్రేమ ఎందుకు పుట్టిందో. చెప్పులు బయట విడిచి గుళ్ళోకి పోయినట్టు పోయేవాళ్ళం. లోపల నీలం తెర, పసుపు అక్షరాలు. టర్బో సి. ఆల్ట్ ఎఫ్9 కొడితే కంపైల్, కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే జవాబు. క్లియర్ స్క్రీన్ పెట్టకపోతే కిందటి బ్యాచ్ వాళ్ళ జవాబులు కూడా కనబడేవి. ఒక్కోసారి అవే మా జవాబులకన్నా బాగుండేవి.

ఫాక్టోరియల్ ప్రోగ్రాం అందరూ రాయాల్సిందే. ఏడు ఇస్తే 5040 వచ్చేది. ఎనిమిదికి 40320 రావాలి. మాకు మాత్రం మైనస్ 25216 వచ్చేది. వచ్చిందీ అంటే ఒక అంకె కూడా తేడా లేకుండా అందరికీ అదే వచ్చేది. అందరికీ వచ్చింది కాబట్టి అది కరెక్టే అయి ఉంటుందని ఒకరు, కంప్యూటర్‌కు ఏసీ ఎక్కువై జలుబు చేసిందని ఇంకొకరు తేల్చారు. అసలు సంగతి ఏమిటంటే, టర్బో సి డాస్ కాలంది. దాంట్లో ఇంట్ అంటే రెండు బైట్లే. 32767 దాటితే లెక్క చుట్టు తిరిగి మైనస్‌లో పడుతుంది. ఆ ముక్క మాకు తెలియదు. రికార్డులో ఏడు వరకే రాశాం. పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ కూడా ఏడు దాటించలేదు. అదొక పెద్దమనుషుల ఒప్పందం.

ఆ టర్బో సి++ 3.0 తొంభైల మొదట్లో బోర్లాండ్ వాళ్ళు తెచ్చింది. ప్రపంచం ముందుకు పోయినా మన ల్యాబులు దాన్ని వదల్లేదు. 64 బిట్ విండోస్ వచ్చి, ఈ పాత 16 బిట్ సరుకు నా దగ్గర నడవదని తెగేసి చెప్పింది. చెబితే మాత్రం వింటామా? పాత డాస్ ఆటలు ఆడుకోవడానికి ఎవరో పుణ్యాత్ములు చేసిన డాస్‌బాక్స్‌ను పట్టుకొచ్చి, అందులో టర్బో సి ఎక్కించి, స్టాకులూ క్యూలూ లింక్డ్ లిస్టులూ రాయించాం. ఆటబొమ్మ లోపల పాఠశాల నడిపిన జాతి మనది. దీన్ని నేను ఎగతాళిగా అనడం లేదు. ఎక్కడైనా ఒక్క వస్తువును ఇంతకాలం ఇంత ప్రేమగా వాడుకున్నారంటే, వాడుకున్నవాళ్ళది కూడా కొంత గొప్పే.

ఇప్పుడు మా పాప బీటెక్ మొదటి సంవత్సరం. ఒక రోజు సాయంత్రం వచ్చి, "నాన్నా, నీకు సి వస్తుందా?" అంది.

వస్తుందా ఏంది! చొక్కా చేతులు మడిచి కూర్చున్నాను. ఫాక్టోరియలే. మూడు నిమిషాల్లో రాసేశాను. మొదటి వరుసలో మెయిన్ అని రాసి, దాని ముందు ఇంట్ అనే మాట పెట్టలేదు. అలవాటు లేదు. 1978లో కెర్నిగన్, రిచీ రాసిన సి పుస్తకంలోనే మొదటి ప్రోగ్రాంలో మెయిన్ ముందు ఇంట్ ఉండదు. పదేళ్ళకు వచ్చిన రెండో ముద్రణలోనూ లేదు. భాష పుట్టించినవాళ్ళే పెట్టనిది నేనెందుకు పెట్టాలి? పాప ల్యాప్‌టాప్‌లో జీసీసీ ఉంది. ఎంటర్ కొట్టాను. ఎర్ర అక్షరాలతో ఎర్రర్.

"కాలేజీలో ఇట్లా రాసినా రన్ అవుతుంది నాన్నా, ఏదో వార్నింగ్ ఇస్తుంది గానీ."

"చూసినావా, అక్కడ మంచి కంపైలర్. ఇక్కడ నీకు చెత్తది ఎక్కించినారు. ఇది వెర్షన్ ప్రాబ్లం" అన్నాను.

వెర్షన్ సంగతే, అందులో అబద్ధం లేదు. ఇంట్ రాయకపోతే ఇంటే అనుకోవాలన్న పాత సంప్రదాయాన్ని 1999 నాటి సి ప్రమాణం తీసేసింది. అంటే నేను నీలం తెర ముందు కూర్చుని మురిసిపోతున్న ఆ ఏడే. అయినా జీసీసీ పెద్దమనసుతో పాతికేళ్ళు ఊరికే వార్నింగ్ ఇచ్చి వదిలేసింది. 2024 మే నెలలో వచ్చిన జీసీసీ 14తో ఇక చాలనుకుని దాన్ని ఎర్రర్ చేసింది. ఫంక్షన్‌ను పరిచయం చేయకుండా వాడుకోవడం కూడా ఆ రోజుతోనే చెల్లిపోయింది. కాలేజీలో ఉన్నది పాత జీసీసీ, పాప దగ్గర ఉన్నది కొత్తది. పాతికేళ్ళ వార్నింగులు ఎవరూ చదవలేదు కాబట్టి ఎర్రర్ పెట్టారు. నన్నడిగితే వాళ్ళు చేసింది న్యాయమే. అయితే ఆ పూట నన్నెవరూ అడగలేదు, నేనూ న్యాయం ఆలోచించే స్థితిలో లేను.

"ఉండు, అసలైన కంపైలర్ ఎక్కిస్తా" అని నా గదిలోకి పోయి డాస్‌బాక్స్ వెతికి, దించి, టర్బో సి జిప్ విప్పి, సి డ్రైవ్ మౌంట్ చేసి, ఇన్‌క్లూడ్ డైరెక్టరీలు సరిచేసి, నీలం తెర కనబడగానే కళ్ళు చెమర్చి, "రామ్మా చూద్దువు గానీ" అని కేకేశాను. పాప మంచం మీద పడుకుని ఫోన్లో రీల్స్ చూసుకుంటోంది.

"అయిపోయింది నాన్నా. ముందు ఇంట్ పెట్టినా. ఎర్రర్‌లోనే రాసుంది కదా."

అది చాలదన్నట్టు పదమూడు ఇచ్చి చూసిందట. జవాబు 1932053504 వచ్చింది. అసలు జవాబు ఆరువందల కోట్లు దాటాలి, ఇది రెండువందల కోట్లు కూడా లేదు, ఎందుకని అడిగింది. కొత్త ఇంట్‌కు నాలుగు బైట్లున్నా దానికీ ఒక గోడ ఉంది. లాంగ్ లాంగ్ పెట్టుకోమని చెప్పి ఉండాల్సింది. నా నోటినుంచి వచ్చింది మాత్రం, "పన్నెండు దాకా చాల్లేమ్మా."

ఇదంతా చిన్న సంగతి. అసలు కథ కడపలో మొదలైంది.

మా అత్తగారిల్లు కడప. కర్నూలునుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోతాం. సంక్రాంతికి పోయినప్పుడు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటే మా ఇంటామె చూసింది గానీ ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ లేని సాఫ్ట్‌వేర్ అల్లుడంటే అత్తగారింట్లో ఎవరికి లెక్క? జావా అంటే రాగిజావా అల్లుడూ అనే జోకు మా మామ పెండ్లయిన కొత్తలోనే వేసేశాడు. అది ఇంకా ప్రతి పండక్కీ వేస్తూనే ఉన్నాడు గనక ఇక్కడ నేను వేయను.

కనుమ మరునాడు కారం దోసె తిని, చల్లటి కడప బండల మీద చాప వేసుకుని ఒరిగానో లేదో, బామ్మర్ది గసపెట్టుకుంటూ వచ్చాడు. వాడు సివిల్ కాంట్రాక్టర్. సీసీ రోడ్లు, కాలవ పనులు.

"బావా, టెండర్ ఐదు గంటలకు మూసేచ్చారంట. నా సిస్టం లేచ్చలేదు. నీ దాంట్లో చేచ్చావా?"

చేతిలో డిజిటల్ సంతకం డాంగిల్. ఎవరి పేరుమీద ఉంటే వాళ్ళే పెట్టాల్సిన సంతకం, పెన్‌డ్రైవ్‌లా గుచ్చుతారు. ఆ సైటుకు పాత జావా కావాలట. జావా 8 ఉంటే తప్ప ఆ సంతకం పడదట. నేను కాలిమీద కాలు వేసుకుని, "ఇదెంతసేపు?" అన్నాను. అత్త కాఫీ తెచ్చింది. మామ వచ్చి వెనక నిలబడ్డాడు. పక్కింటి కుర్రాళ్ళిద్దరు కిటికీలోంచి చూస్తున్నారు. జావా 8 దించాను, ఇన్‌స్టాలర్ అడిగిన ప్రతిదానికీ చదవకుండా నెక్స్ట్ నెక్స్ట్ అన్నాను. సంతకం పడింది. ఐదుకు ఇంకా పావుగంట ఉండగానే టెండర్ పోయింది. ఆ రాత్రి నాటుకోడి పులుసు, రాగి సంగటి. మొదటి ముద్ద నాకే.

సోమవారం కర్నూలు వచ్చి ఆఫీసు పని తెరిచాను. పదకొండుకు డెమో. ప్రాజెక్టు బిల్డ్ అయింది. రన్ చేస్తే పొడుగాటి ఎర్రర్. దాని సారం ఇది: ఈ క్లాసును నాకన్నా కొత్త జావాతో కంపైల్ చేశారు, దీని వెర్షన్ 61.0, నాకు 52.0 దాకానే తెలుసు.

ఇంత స్పష్టంగా మాట్లాడే ఎర్రర్లు లోకంలో తక్కువ. ఎవరు చేశారు, ఎవరు నడుపుతున్నారు, ఇద్దరికీ ఎంత తేడా, మూడూ ఒక్క వాక్యంలో ఉన్నాయి. నేను అందులో మొదటి నాలుగు మాటలు చూసి, మిగతాది నాకు తెలుసనుకుని, గ్రూపులో మెసేజ్ పెట్టాను: "బిల్డ్ ఫైల్ ఎవరు మార్చారు?" ఎవరూ మార్చలేదన్నారు. హైదరాబాద్‌నుంచి ఈ మధ్యే చేరిన కుర్రాడు, "సార్, మీ జావా వెర్షన్ ఒకసారి చూస్తారా?" అని మర్యాదగా రాశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి పట్టుకుని జావా వెర్షన్ చూడమంటాడా! ప్రాజెక్టును బిల్డ్ చేసే మేవెన్‌ను అడిగాను. 17 అంది. జావా హోం అనే సెట్టింగులో చూశాను. అక్కడా 17. ఆ రెండింటికీ ఫొటో తీసి పంపాను. కుర్రాడు మళ్ళీ మాట్లాడలేదు.

డెమో వాడి మెషిన్ మీదే జరిగింది.

ఆ తర్వాత నేను చేసిన పనులు వరసగా చెప్పడానికి సిగ్గేస్తోంది. జావా 17 తీసేసి మళ్ళీ పెట్టాను. అదే ఎర్రర్. ఇంకా కొత్తదైతే బాగా అర్థం చేసుకుంటుందని జావా 21 పెట్టాను. అదే ఎర్రర్, అవే అంకెలు. ప్రాజెక్టు మొత్తం తుడిచి మళ్ళీ తెచ్చుకున్నాను. ఎడిటర్ తీసేసి ఎక్కించాను. అసలు విండోసే మార్చేద్దామా అనుకునేసరికి సాయంత్రమైంది.

మా ఇంటామె హైస్కూల్లో లెక్కల టీచరు. బడినుంచి వచ్చి, పేపర్ల కట్ట విప్పి నా పక్కన కూర్చుంది. ఎర్ర పెన్ను చేతిలో ఉంటే ఎదురుగా ఏది కనబడినా చదవడం ఆమె అలవాటు.

"ఈ యాభై రెండు ఏంది?"

"అది జావా 8 నంబరు."

"అరవై ఒకటి?"

"జావా 17."

పేపరు అంచున రాసుకుంది. "రెంటికీ నలభై నాలుగే తేడా. అయితే నీ ఇరవై ఒకటికి అరవై ఐదా?"

అరవై ఐదే. ఇన్నేళ్ళుగా ఆ నంబరు కనబడినప్పుడల్లా నేను పట్టిక వెతికి చూసుకుంటున్నాను. నలభై నాలుగు తీసేస్తే సరిపోతుందని ఎప్పుడూ తట్టలేదు. పోయిన పరువు కొంతయినా రాబట్టుకుందామని, కంపైలయిన క్లాస్ ఫైలును హెక్స్‌లో తెరిచి చూపించాను. మొదటి నాలుగు బైట్లు ప్రతి ఫైల్లోనూ ఒకటే. ఇంగ్లిష్ అక్షరాల్లో చదివితే కేఫ్ బేబ్ అని వస్తుంది, జావా తయారుచేసినవాళ్ళ చిలిపితనం. తర్వాత రెండు బైట్లు చిన్న వెర్షన్, ఆ తర్వాత రెండు పెద్ద వెర్షన్. ఎనిమిదో బైటు దగ్గర 3డి అని ఉంది. హెక్స్‌లో డి అంటే పదమూడు అని చెబుతుండగానే, "మూడు పదహార్లు నలభై ఎనిమిది, పదమూడు, అరవై ఒకటి" అని పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టింది. పరువు రాలేదు.

కాసేపాగి తలెత్తకుండానే అడిగింది. "చేసింది పదిహేడు, నడిపేది ఎనిమిది అని రాసుంది కదబ్బా. నీకు ఎనిమిది యాడిది?"

"నా దగ్గర ఎనిమిది లేదు."

"మరి పలికిందెవరు?"

ఆ ప్రశ్న నేను పొద్దున్నే వేసుకోవాల్సింది. కడపలో పెండ్లి పందిట్లో నిలబడి "సుబ్బారెడ్డీ" అని కేకేస్తే నలుగురు సుబ్బారెడ్లు ఉంటారు. మీకు కావలసినవాడు వంటల దగ్గర ఉండొచ్చు. పలికేది మాత్రం దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చున్నవాడే. కంప్యూటర్లో జావా అని పిలిచినప్పుడూ జరిగేది అదే. పాత్ అని ఒక వరుస ఉంటుంది, ఏ ఫోల్డర్ తర్వాత ఏ ఫోల్డర్ వెతకాలో చెప్పేది. మొదట ఎవరు కనబడితే వాళ్ళే వచ్చేస్తారు. తర్వాతివాళ్ళను చూసే పనే లేదు. మేవెన్ మాత్రం ఈ వరుస జోలికి పోదు, జావా హోం ఎక్కడ చూపిస్తే అక్కడికే నేరుగా పోతుంది. అందుకే కంపైల్ చేసింది పదిహేడు, నేను కమాండ్ కొట్టి నడిపిస్తే వచ్చింది ఎనిమిది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేను ఒకరిని అడిగి ఇంకొకరి జవాబనుకున్నాను.

వేర్ జావా అని కొట్టాను. మూడు దారులు వచ్చాయి. 17 ఉంది, 21 ఉంది, వాటికి పైన, అన్నిటికన్నా మొదటి వరుసలో, సంక్రాంతినాటి జావా 8 కూర్చుని ఉంది. నెక్స్ట్ నెక్స్ట్ అంటున్నప్పుడు వరుసలో ముందు నిలబడతానని అది చెప్పే ఉంటుంది. నేను ఎవరికి నెక్స్ట్ అంటున్నానో చూసుకోలేదు. పైగా నేను తర్వాత పెట్టినవన్నీ యూజర్ పాత్‌లో చేరాయి. విండోస్ సిస్టం పాత్‌ను ముందు చూసి, యూజర్ పాత్‌ను ఆ వెనక తగిలిస్తుంది. ఇంకో పది జావాలు పెట్టినా పది మందీ వెనకే నిలబడేవాళ్ళు.

"ఇది మీ తమ్ముడు చేసిన పని" అన్నాను.

"మా తమ్ముడా? కాలిమీద కాలేసుకుని ఇదెంతసేపు అన్నదెవరు?"

వరుస మార్చాను. పదిహేడును పైకి తెచ్చాను. మళ్ళీ రన్ చేశాను. అదే ఎర్రర్! ఈసారి నిజంగానే విండోస్ మార్చేద్దామని లేవబోతుంటే, ఫ్రిజ్‌లో మజ్జిగ కోసం వచ్చిన మా పాప స్క్రీన్ మీద ఒక చూపు వేసి, "ఆ కమాండ్ విండో మూసి మళ్ళీ తెరువు నాన్నా, అది తెరిచినప్పటి పాతే పట్టుకుని ఉంటుంది" అని గ్లాసు తీసుకుని పోయింది. మూశాను, తెరిచాను. నడిచింది.

ఇంకో మార్గం కూడా ఉంది. పాత జావాకు అర్థమయ్యేటట్టు కంపైల్ చేయమని కొత్త కంపైలర్‌కే చెప్పొచ్చు. జావా 9నుంచి రిలీజ్ అనే ఆప్షన్ ఉంది, అక్కడ 8 అని రాస్తే ఎనిమిదికి తెలిసినవే వాడుతుంది. కొత్త సౌకర్యాలన్నీ వదులుకోవాలి గానీ. 2014లో వచ్చిన జావా 8కీ 2021లో వచ్చిన 17కీ మధ్య ఏడేళ్ళ సౌకర్యాలు. మా ప్రాజెక్టుకు అది కుదరదు. ఎనిమిదిని మొత్తానికి తీసేద్దామంటే మా ఇంటామె ఒప్పుకోలేదు. తమ్ముడికి మళ్ళీ టెండర్ పడొచ్చునట. అందుకని దాన్ని వరుసలోంచి తప్పించి, అవసరమైనప్పుడు పూర్తి అడ్రసుతో పిలిచేలా డెస్క్‌టాప్ మీద చిన్న బ్యాచ్ ఫైలు చేసి పెట్టాను. దానికి పేరు పెట్టింది పాప: మామ జావా.

హైదరాబాద్ కుర్రాడికి మాత్రం దొరికింది అని ఒక్క మాటే రాశాను. వాడు బొటనవేలు గుర్తు పెట్టాడు. ఏం దొరికిందని అడగలేదు. మంచి పిల్లోడు, పైకొస్తాడు.

ఆ టెండర్ మావాడికి రాలేదు. వీడు నాలుగు పర్సెంట్ లెస్ వేస్తే ఎవరో పదకొండు లెస్ వేసి ఎగరేసుకుపోయారు. శివరాత్రికి ముందు ఫోన్ చేశాడు.

"బావా, ఇంకోటి పడింది. ఈసారి సైటోళ్ళు కొత్త జావా అడుగుతాండారు. నీ దాంట్లో యాది ఉండాదో చూసి చెప్పు."

"ఉండు, మీ అక్కకిస్తా" అన్నాను.